22 అడుగుల పడవకి ఏ జిబ్ ఫర్లర్? ముందు మాస్ట్ ఎన్నిసార్లు దించుతారో చూసుకోండి

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. డాలస్ దగ్గర ఉంటారు, పాత కాటలీనా 22 పడవ ఒకటి కొన్నారు, ఇంటి పక్కనే ట్రైలర్ మీద పెట్టుకుంటారు, వీకెండ్ వస్తే లూయిస్‌విల్ లేక్‌కి లాక్కెళ్ళి మీరూ మీ ఆవిడా ఇద్దరు పిల్లలూ ఓ మూడు గంటలు తిరిగొస్తారు. గాలి లేచినప్పుడల్లా జిబ్, అంటే ముందు తెరచాప, దించడానికి మీరు పడవ ముక్కు మీదకి పాకాల్సి వస్తోంది, వెనక మీ ఆవిడ చుక్కాని పట్టుకుని కంగారు పడుతోంది, అందుకని వెనక కూర్చునే జిబ్‌ని చుట్టేసే ఫర్లర్ పెట్టిద్దాం, ఏ కంపెనీది మంచిది అని.

కంపెనీ పేరు తర్వాత చెప్తా. మీ పడవ ట్రైలర్ మీద ఉంటుంది, అంటే వెళ్ళిన ప్రతిసారీ మాస్ట్, అదే తెరచాప స్తంభం, ఎత్తాలి, వచ్చేటప్పుడు దించాలి. మీకు ఏ ఫర్లర్ పనికొస్తుందో ఆ ఒక్క విషయమే సగం తేల్చేస్తుంది. మెరీనాలో ఏడాదంతా నీళ్ళలో ఉండే కాటలీనా 22 వాళ్ళు ఇచ్చే సలహా మీకు సరిపోదు, పడవ అదే అయినా వాడకం వేరు.

నేను సెయిలింగ్ నేర్చుకుంది హుస్సేన్ సాగర్‌లో, లేజర్ అనే చిన్న పడవ మీద. లేజర్‌కి ఒక్కటే తెరచాప, జిబ్ ఉండదు కాబట్టి ఇక్కడికి వచ్చేదాకా ఫర్లర్ అనేదాన్ని నేను ముట్టుకోలేదు. ఇక్కడ టెక్సస్‌లో పదిహేనేళ్ళుగా చిన్న పడవలే నడుపుతున్నా, మూడు పడవలకి ఫర్లర్లు పెట్టాను, ఒకదానికి పెట్టింది పీకేశాను కూడా. ఆ అనుభవంతో చెప్తున్నా.

ముందు ఇది పనిచేసే పద్ధతి. చాపని చుట్ట చుట్టినట్టు జిబ్‌ని దాని ముందు అంచు చుట్టూ చుట్టేస్తాం. కింద ఒక డ్రమ్ ఉంటుంది, అచ్చం గాలిపటం చరకాలాగా, దాని మీద ఒక సన్నతాడు. సెయిల్ విప్పుకున్నప్పుడు ఆ తాడు చరకా మీదకి ఎక్కుతుంది, తాడు లాగితే చరకా తిరిగి సెయిల్ చుట్టుకుంటుంది. అంతే, ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. వైకెమ్-మార్టిన్ గేర్ అని ఇంగ్లండ్‌లో వందేళ్ళ పైనే అయింది వచ్చి, కింద డ్రమ్, పైన స్వివెల్ అనే గిర్రున తిరిగే కీలు, మధ్యలో సెయిల్ అంచులో కుట్టిన వైరు, పాత చెక్క పడవల మీద ఇప్పటికీ కనిపిస్తుంది.

అయితే చుట్టడంలో రెండు పనులున్నాయి, అమ్మేవాళ్ళు చాలామంది రెండూ కలిపేసి చెప్తారు. ఒకటి పూర్తిగా చుట్టేయడం, దాన్ని ఫర్లింగ్ అంటారు. రెండోది సగమో పావో చుట్టి మిగిలిన సెయిల్‌తో నడపడం, అది రీఫింగ్. మొదటిదానికి డ్రమ్మూ స్వివెలూ చాలు. రెండోదానికి మాత్రం సెయిల్ అంచు పొడవునా గట్టిగా ఉండే ఒక గొట్టంలాంటిది కావాలి, దాన్ని ఫాయిల్ అంటారు, మాస్ట్‌ని ముందు వైపు నుంచి పట్టి ఉంచే ఫోర్‌స్టే వైరు ఆ గొట్టం లోపల ఉంటుంది, సెయిల్ దాని గాడిలోకి ఎక్కుతుంది. ఫాయిల్ లేకుండా సగం చుట్టి ఆపితే కింద చుట్టుకుంటుంది, పైన చుట్టుకోదు, మధ్యలో సంచిలా ఉబ్బిపోయి పడవని పక్కకి తోస్తుంది గానీ ముందుకి లాగదు. హార్కెన్ వాళ్ళ చిన్న పడవల డ్రమ్-స్వివెల్ సెట్లు మంచి సరుకే, కానీ అవి పూర్తిగా విప్పడానికీ పూర్తిగా చుట్టడానికీ మాత్రమే, రీఫింగ్‌కి కాదని ఆ కంపెనీయే చెప్తుంది. తక్కువలో వస్తోంది కదా అని దాన్ని తెచ్చి గాలిలో సగం చుట్టి నడుపుదాం అనుకుంటే కుదరదు.

ఇప్పుడు ఫాయిల్ ఉన్నవాటి సంగతి, మీకు అసలు తేడా ఇక్కడే ఉంది.

హార్కెన్ ఎంకే4లో చిన్నదీ, సెల్డెన్ ఫర్లెక్స్‌లో చిన్నదీ, ఇలాంటి వాటికి ఫాయిల్ అల్యూమినియంది, ముక్కలు ముక్కలుగా వస్తుంది, అతుకుల దగ్గర కలుపుతారు. నీళ్ళలోనే ఉండే పడవకి నన్ను అడిగితే ఇదే పెట్టించుకోమంటా, గట్టిగా ఉంటుంది, గాలిలో మెలి తిరగదు, సగం చుట్టినా సెయిల్ ఆకారం బాగుంటుంది. కానీ ట్రైలర్ పడవకి? ఒకసారి ఊహించుకోండి, ర్యాంప్ దగ్గర వెనకాల ఇంకో రెండు ట్రక్కులు లైన్లో ఉన్నాయి, మీరు మాస్ట్ దించుతున్నారు, 25 అడుగుల పైన ఉన్న సన్న అల్యూమినియం గొట్టం, కింద డ్రమ్ బరువు, దాన్ని ఎవరో ఒకరు పట్టుకుని మాస్ట్‌తో పాటు సమానంగా నడవాలి. ఆ మనిషి ఒక్క క్షణం ఏమరుపాటుగా ఉంటే డ్రమ్ రెయిలింగ్‌కి తగులుకుని ఫాయిల్ ధనుస్సులా వంగుతుంది, ఒకసారి అతుకు దగ్గర మడత పడిందంటే ఇక మళ్ళీ తిన్నగా రాదు, ఆ సెక్షన్ మార్చాల్సిందే. మెరీనాలో మా స్లిప్, అంటే పడవ కట్టుకునే చోటు, పక్కన ఒకాయన ఒక్క సమ్మర్‌లో రెండు సెక్షన్లు మార్చుకున్నాడు.

రెండో రకం వంగే ప్లాస్టిక్ ఫాయిల్. ఇందులో సీడీఐ వాళ్ళ ఫ్లెక్సిబుల్ ఫర్లర్ పాతదీ బాగా తెలిసిందీ, కాటలీనా 22ల మీద ఇది మీకు ఎక్కడ చూసినా కనిపిస్తుంది. ఫాయిల్ మొత్తం ఒకే ముక్క, పార్సిల్‌లో చుట్టగా వస్తుంది, వచ్చిన రోజు దాన్ని డ్రైవ్‌వేలో ఎండలో పొడుగ్గా పరిచి పెట్టండి, మన టెక్సస్ ఎండకి మధ్యాహ్నానికల్లా తిన్నగా అవుతుంది, చలికాలంలో తెప్పించుకుని వంకరగా ఉందని తిట్టుకుంటూ బిగించకండి. మాస్ట్ దించేటప్పుడు ఇది వంగుతుంది, మళ్ళీ తిన్నగా అవుతుంది. సెయిల్ చుట్టినది చుట్టినట్టే ఉంచి ఫాయిల్‌ని మాస్ట్‌కి కట్టేసి ఇంటికి తెచ్చుకోవచ్చు.

దీనిలో నాకు అన్నిటికన్నా నచ్చేది పైన స్వివెల్ లేకపోవడం. సెయిల్ ఎత్తే తాడు, అదే హ్యాలియార్డ్, ఫాయిల్‌లోనే ఉంటుంది, సెయిల్ పైకి లాగి ఆ తాడుని కింద డ్రమ్ దగ్గరే కట్టేస్తాం, కాబట్టి సెయిల్, తాడు, ఫాయిల్ అన్నీ కలిసి ఒకటిగా తిరుగుతాయి. పైన చిక్కుకోడానికి ఏమీ ఉండదు. దీని విలువ ఏంటో నాకు ఒక అక్టోబర్ సాయంత్రం తెలిసింది.

అది టెక్సోమా లేక్ మీద, నా మొదటి పడవ, దానికి పాతది ఒక అల్యూమినియం ఫర్లర్, స్వివెల్ ఉన్నది, మాస్ట్‌లూ వైర్లూ బిగించే ఒక రిగ్గర్ చేత పెట్టించుకున్నా. మధ్యాహ్నం దాకా దక్షిణం గాలి హాయిగా వీచింది, నాలుగున్నరకి ఉత్తరం వైపు ఆకాశం కింద అంచు నీలంగా ఒక గీత గీసినట్టు కనపడింది, ఇక్కడివాళ్ళు బ్లూ నార్దర్ అంటారు, చలిగాలి ఒక్కసారిగా మీద పడుతుంది. జిబ్ చుట్టేద్దామని తాడు లాగాను, రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. ఇంకా గట్టిగా లాగాను, రాలేదు. తాడు తీసుకెళ్ళి వించ్‌కి, అంటే తాళ్ళు బిగించే చేతి యంత్రానికి, వేసి తిప్పా, పైనుంచి టక్ మని చప్పుడు. అప్పుడు తలెత్తి చూశా. మాస్ట్ పైన హ్యాలియార్డ్ ఫాయిల్ చుట్టూ పాము చుట్టుకున్నట్టు చుట్టుకుపోయి ఉంది. అలా అయితే సెయిల్ చుట్టలేం, దించలేం కూడా. ఇంజిన్ వేసుకుని ఒక కోవ్‌లోకి దూరి, షీట్లు, అంటే సెయిల్ వెనక మూలకి కట్టే తాళ్ళు, విప్పి, నేనూ నా ఫ్రెండూ ఆ సెయిల్‌ని చేతులతో స్టే చుట్టూ తిప్పి తిప్పి తాళ్ళతో కట్టాం, వేళ్ళ చర్మం ఊడింది. మర్నాడు మాస్ట్ దించి చూస్తే ఫోర్‌స్టే పైకొసలో, ఫాయిల్ పైన బయట కనిపించే అంగుళం ముక్కలో, వైరు పేట విడిపోయి ఉంది, అది పంతొమ్మిది తీగలు పేనిన వైరు, అందులో రెండు తెగి పైకి లేచి ముళ్ళలా ఉన్నాయి. ఇంకొంచెం వించ్ తిప్పి ఉంటే మాస్ట్ మా తలల మీదకి వచ్చేది.

కారణం చాలా చిన్నది. స్వివెల్ ఉన్న ఫర్లర్లలో హ్యాలియార్డ్ ఫోర్‌స్టేకి కాస్త దూరంగా, మాస్ట్ వైపుకి లాగుతూ ఉండాలి, హార్కెన్ మాన్యువల్ ప్రకారం సుమారు 8 నుంచి 10 డిగ్రీల కోణం. కాటలీనా 22 లాంటి మాస్ట్‌హెడ్ రిగ్‌లో స్టే కట్టేదీ, హ్యాలియార్డ్ పుల్లీ ఉండేదీ రెండూ మాస్ట్ కొసనే పక్కపక్కన, అందుకని అవి దాదాపు సమాంతరంగా వస్తాయి, స్వివెల్ తిరిగినప్పుడు తాడు కూడా దాంతో పాటు తిరిగి స్టేకి చుట్టుకుంటుంది. మాస్ట్ ముందువైపు ఒక రిటైనర్ బిగించి తాడుని వెనక్కి లాగి ఉంచితే సమస్య ఉండదు, నా పడవకి బిగించినాయన అది చూడలేదు. సెయిల్ పొట్టిదై స్వివెల్ ఫాయిల్ పైకొస దాకా వెళ్ళకపోయినా ఇదే జరుగుతుంది, అప్పుడు సెయిల్ తలకీ స్వివెల్‌కీ మధ్య చిన్న వైరు ముక్క వేసి స్వివెల్‌ని పైకి పంపాలి. మీరు ఏ స్వివెల్ ఫర్లర్ కొన్నా ఈ రెండూ అడిగి, కళ్ళతో చూసి గానీ డబ్బులు ఇవ్వకండి. ఇంకా ముఖ్యం, మీ ఆవిడకి కూడా చెప్పండి, తాడు ఎప్పుడైనా బిగుసుకుంటే మొట్టమొదట చెయ్యాల్సింది పైకి చూడటం, వించ్ ముట్టుకోవడం కాదు.

ప్లాస్టిక్ ఫాయిల్‌కి లోపాలు లేవని కాదు. గట్టి గాలిలో కాస్త మెలి తిరుగుతుంది, కింద డ్రమ్ తిరిగినంత పైకొస తిరగదు, కాబట్టి సగం చుట్టినప్పుడు పైభాగం ఉబ్బుగానే ఉంటుంది, గాలికి ఎదురు ఎక్కడం అల్యూమినియం ఫాయిల్ అంత బాగుండదు. సెయిల్ మార్చడం కూడా తలనొప్పే, లోపలి హ్యాలియార్డ్‌కి ఇంకో తాడు కట్టి పైకి పంపాలి, మర్చిపోయి వదిలేశారా, దాన్ని కిందకి తెచ్చుకోడానికి మాస్ట్ దించాలి. మీరు రేసులకి వెళ్ళరు, ఒకే సెయిల్ వాడతారు, మాస్ట్ ఎలాగూ దించుతారు. మీకు ఇవి పెద్ద లోపాలు కావు. షేఫర్ స్నాప్‌ఫర్ల్ అని ఇంకోటి ఉంది, అదీ ప్లాస్టిక్ ఫాయిలే, ఉన్న స్టే మీదే నొక్కి బిగిస్తారు, చాలామంది సంతోషంగా వాడుతున్నారు, కానీ నాకు సొంతంగా వాడిన అనుభవం సీడీఐతోనే కాబట్టి దాని గురించే ఇంత చెప్తున్నా.

ఇక ఖర్చు. అందరూ ఫర్లర్ ధర చూసి లెక్కేసుకుంటారు, తర్వాత సెయిల్ దగ్గర గుండె ఆగుతుంది. మీ జిబ్‌కి ఇప్పుడు స్టేకి తగిలించే ఇత్తడి కొక్కేలు, అదే హ్యాంక్‌లు ఉన్నాయి కదా, అవన్నీ పీకించి ఫాయిల్ గాడిలో పట్టే టేపు కుట్టించాలి, టేపు సైజు ఆ ఫర్లర్ మాన్యువల్‌లో ఉంటుంది, అది సెయిల్ కుట్టేవాళ్ళకి ముందే ఇవ్వండి. కింద డ్రమ్ వచ్చి కూర్చుంటుంది కాబట్టి సెయిల్ కింది మూల పైకి జరుగుతుంది, పైన కూడా కొంత చోటు పోతుంది, అంటే ముందు అంచు పొట్టి చేయించాలి. పాత సెయిల్ బట్ట మెత్తబడిపోయి పాత లుంగీలా అయిపోయి ఉంటే దానికి ఇంత పని చేయించడం దండగ, కొత్తదే కుట్టించుకోండి. కొత్తది కుట్టిస్తే రెండు మాటలు అడగండి. ముందు అంచులో సన్న ఫోమ్ పట్టీ వేయమనండి, సగం చుట్టినప్పుడు మధ్యలో ఉబ్బుని అది మింగేస్తుంది. సైజు 130, 135 శాతం దాటనివ్వకండి (ముందు అంచు నుంచి వెనక మూలకి ఉన్న దూరాన్ని, మాస్ట్ నుంచి ఫోర్‌స్టే కింది కొసకి ఉన్న దూరంతో పోల్చి చెప్పే శాతం ఇది), ఎందుకంటే చుట్టి నడిపేది సుమారు మూడో వంతు తగ్గించేదాకే బాగుంటుంది, 150 శాతం సెయిల్ కుట్టించి దాన్ని చిన్న జిబ్‌లా చుట్టి నడుపుదాం అంటే మిగిలేది ఒక లావుపాటి చుట్టా, దాని వెనక ముడతల బట్టా.

ఎండ పట్టీ గురించి అందరూ చెప్తారు, చుట్టినప్పుడు బయట కనిపించే అంచుకి మందపాటి ఆక్రిలిక్ బట్ట కుట్టడం. ఏడాదంతా డాక్ దగ్గర ఎండలో ఉండే పడవకి అది లేకపోతే సెయిల్ అంచు పొడి పొడి అవుతుంది, తప్పనిసరి. మీకు అక్కర్లేదంటాను. ఆ బట్ట బరువుకి వేసవి పొద్దుట మెల్ల గాలిలో జిబ్ వేలాడిపోతుంది, మీ పడవ వారంలో ఆరు రోజులు ఇంటి దగ్గర ఉంటుంది. జిప్ ఉన్న తొడుగు ఒకటి కొనుక్కోండి, సీడీఐలో పాత జిబ్ హ్యాలియార్డ్ ఖాళీగా మిగులుతుంది కదా, దాంతోనే ఆ తొడుగు పైకి లాగచ్చు. ఒకవేళ పట్టీ కుట్టించుకుంటే మాత్రం డ్రమ్ ఎటు తిరుగుతుందో చూసి ఏ వైపు కుట్టాలో చెప్పండి, తప్పు వైపు కుడితే పట్టీ లోపలికి పోయి సెయిల్ బయటికి వస్తుంది.

అసలు ఫర్లర్ కన్నా ముందు చూడాల్సింది ఫోర్‌స్టే వైరు. ఫాయిల్ వేశాక అది మీ కంటికి కనపడదు. పాత పడవ అన్నారు, కాటలీనా 22లు 1969 నుంచి వస్తున్నాయి, పదిహేను వేల పైన తయారయ్యాయి, వాటిలో కొన్నిటి మీద ఇప్పటికీ కంపెనీ వాళ్ళు వేసిన తీగే ఉంది. పాత వైరు మీద కొత్త ఫర్లర్ వేయడం అంటే చెదలు పట్టిన వాసానికి రంగేసినట్టే, వైరు కొత్తది వేయించండి, దాని ఖర్చు ఎక్కువ కాదు. కింద పడవకి తగిలించే చోట టాగిల్ ఉండి తీరాలి, అంటే నాలుగు వైపులా ఊగగలిగే కీలు. మాస్ట్ ఎత్తేటప్పుడు డ్రమ్ బరువుకి వైరు కొస ఒక పక్కకి వంగుతుంది, టాగిల్ లేకపోతే ఆ వంపంతా వైరుని నొక్కి బిగించిన ఫిట్టింగ్ మెడ మీదే పడుతుంది, వంగుతూ లేస్తూ ఒకరోజు అక్కడే పుటుక్కుమంటుంది. మీలాగా సీజన్‌లో ఇరవై ముప్ఫై సార్లు ఎత్తి దించేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. ప్రతిసారీ ఎత్తే ముందు వేలితో ఆ మెడ చుట్టూ తడిమి చూడండి, వైరు ఎక్కడైనా గుచ్చుకుంటే ఆ రోజు నీళ్ళలోకి దిగొద్దు.

బిగించడం మీరే చేసుకోవచ్చు, ఒక శనివారం పని. చుట్టే తాడు పావు అంగుళం చాలు, పడవ పొడవుకి రెండింతలు ఉంటే సరిపోతుంది. లావు తాడు చేతికి బాగుంటుంది గానీ డ్రమ్‌లో పట్టదు. ఆ తాడు డ్రమ్ నుంచి బయటికి వచ్చి తగిలే మొదటి పుల్లీ డ్రమ్ మధ్యకి సరిగ్గా ఎదురుగా ఉండాలి, పైకో కిందకో ఉంటే చుట్లన్నీ ఒకవైపే పోగుపడి ఇరుక్కుంటాయి. సెయిల్ విప్పేటప్పుడు చుట్టే తాడుని గాలికి వదిలేయకండి, చేతిలో కొంచెం బిగువుగా పట్టి జార్చండి. చరకాకి మాంజా వదులుగా చుడితే ఏమవుతుందో సంక్రాంతికి గాలిపటం ఎగరేసిన ప్రతి ఒక్కరికీ తెలుసు, ఇక్కడా అదే, వదులు చుట్టు మీద గట్టి చుట్టు పడి కిందకి దిగిపోతుంది, అప్పుడు అవసరానికి రాదు. వెనక స్టే కూడా కాస్త బిగించి పెట్టండి, ఫోర్‌స్టే వదులుగా వేలాడుతుంటే ఏ ఫర్లరైనా బరువుగా తిరుగుతుంది. బేరింగ్‌ల గురించి పెద్దగా బెంగ వద్దు, మనది మంచినీళ్ళ లేక్, అప్పుడప్పుడు పైపుతో కడిగితే చాలు, కాకపోతే ఇంటి దగ్గర పెట్టినప్పుడు డ్రమ్‌కి గుడ్డ కట్టండి, ఇక్కడి మట్టి కందిరీగలు దాంట్లో గూడు పెడతాయి, నాది ఒక ఏప్రిల్‌లో పుల్లతో గీకి తీయాల్సి వచ్చింది.

ఎప్పుడైనా పడవ రాత్రి డాక్ దగ్గర వదిలితే, చుట్టిన సెయిల్ మీద షీట్లు ఇంకో మూడు చుట్లు తిప్పి, నడుము ఎత్తులో ఒక తాడుతో గట్టిగా కట్టండి, చుట్టే తాడుని క్లీట్‌కి, అదే తాడు కట్టే కొక్కేనికి, రెండోసారి వేయండి. వసంతంలో మన దగ్గర వచ్చే ఉరుముల గాలికి చుట్టిన జిబ్ కొస కొంచెం దొరికితే చాలు, తెల్లారేసరికి పేలికలు మిగులుతాయి. తుఫాను హెచ్చరిక ఉంటే సెయిల్ తీసి కారులో పడేయడమే.

ఇంకో దారి కూడా ఉంది, ఎవరూ అమ్మేది కాదు కాబట్టి ఎవరూ చెప్పరు. ఒక సన్న తాడు జిబ్ తలకి కట్టి, కొన్ని హ్యాంక్‌ల లోంచి కిందకి తెచ్చి, ముక్కు దగ్గర చిన్న పుల్లీ లోంచి తిప్పి వెనక మీరు కూర్చునే చోటికి తెచ్చుకోండి. హ్యాలియార్డ్ కూడా వెనక్కే తెచ్చుకోండి. హ్యాలియార్డ్ వదిలి ఈ తాడు లాగితే జిబ్ దానంతట అదే డెక్ మీద పడిపోతుంది, మీరు ముక్కు మీదకి పాకక్కర్లేదు. డౌన్‌హాల్ అంటారు, ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది, ఫర్లర్ ఖర్చులో ఇది చిల్లర. సగం సెయిల్‌తో నడపడం దీంతో కుదరదు, కానీ మీ బాధ ముక్కు మీదకి పాకడం అన్నారు, అది మాత్రం పూర్తిగా తీరుతుంది. నా సలహా, ఈ సీజన్ దీంతో నడిపి చూడండి. అక్టోబర్‌కల్లా మీకే తెలుస్తుంది, ఎన్నిసార్లు సెయిల్ పూర్తిగా దించేశారు, ఎన్నిసార్లు సగం ఉంటే బాగుండు అనిపించింది అని. సగం కావాలనిపించిన రోజులు ఎక్కువైతే చలికాలంలో వైరు, టాగిల్, సీడీఐ, సెయిల్ నాలుగూ ఒకేసారి చేయించుకోండి, ఒకవేళ అప్పటికి మెరీనాలో స్లిప్ తీసుకుని మాస్ట్ దించడం మానేస్తే మాత్రం అల్యూమినియం వైపు వెళ్ళండి.

ఈసారి మాస్ట్ దించినప్పుడు మూడు కొలతలు తీసి పెట్టండి, ఏ సైజు సరిపోతుందో చూసి చెప్తా. ఫోర్‌స్టే పొడవు పై పిన్ను మధ్య నుంచి కింది పిన్ను మధ్యకి, వైరు మందం వర్నియర్‌తో, జిబ్ ముందు అంచు పొడవు. ఆ మూడోదాన్ని గడ్డి మీద ఊరికే పరిచి కొలవకండి, ఒక కొస మీ ఆవిడని పట్టుకోమని ఇంకో కొస మీరు గట్టిగా లాగి ముడతలు పోయాక టేపు పెట్టండి.